కొయ్యసుత్తి చప్పుడు

ఒక చిన్న ఊళ్లో, యూదుల వీధిలో, ఒక కొయ్యసుత్తి ఉండేది. దాన్ని పట్టుకుని ఒక ముసలాయన ఉండేవాడు. రోజూ తెల్లారగానే ఇద్దరూ బయల్దేరి, ప్రతి తలుపూ మూడేసిసార్లు తట్టి జనాన్ని ప్రార్థనకు లేపేవాళ్లు.

వీధంతా ఆయన్ని తిట్టుకునేది. అందరికన్నా దర్జీ ఎక్కువ. "లేస్తున్నా బాబాయ్, దేవుణ్ణి కాస్త కూర్చోమను!" అని ముసుగులోంచే కేకేసి, అటు తిరిగి పడుకునేవాడు. దేవుడు కూర్చుని కూర్చుని వెళ్లిపోయేవాడు కాబోలు.

ఇంతలో యుద్ధమొచ్చింది. పరాయి సైన్యం ఊళ్లో దిగింది. ఒక ఉదయం వాళ్ల అధికారి ముసలాయన్ని పిలిపించాడు. మర్యాదస్తుడే, కుర్చీ కూడా వేయించాడు.

"మీవాళ్లందర్నీ సంత మైదానానికి రప్పించు. రోజూ తట్టినట్టే తట్టు. ఎవర్నీ కంగారు పెట్టకు."

కిటికీలోంచి చూస్తే, అడవి పక్కన సిపాయిలు పొడుగాటి గొయ్యి తవ్వుతున్నారు. అది ఎవరికోసమో ముసలాయనకి అర్థమైంది.

వెనకే తుపాకీ నడుస్తుంటే నోరెత్తే వీల్లేదు. కానీ సుత్తికి నోరుందిగా! ఊళ్లో ఎవరైనా పోతే రెండుసార్లే తట్టడం ఆ వీధి ఆచారం. ఆ సంగతి సిపాయిలకేం తెలుసు? చావొచ్చిందని తెలిస్తే మనవాళ్లు దొడ్డిదారిన పారిపోతారు అనుకున్నాడు. ప్రతి తలుపూ రెండేసిసార్లు తట్టాడు. అబ్బ, ఏం తెలివి!

తలుపులన్నీ తెరుచుకున్నాయి. పారిపోయినవాడు ఒక్కడూ లేడు. పోయినవాణ్ణి ఒంటరిగా సాగనంపడమంటే ఆ వీధికి తలకొట్టేసినంత పని. పాపం, తనవాళ్ల సంగతి ముసలాయనే మరిచిపోయాడు. మంచం పట్టినవాడు కర్ర ఊతంతో వచ్చాడు. పొయ్యి మీది పాలు దించేసి ఆడవాళ్లొచ్చారు. ఏళ్ల తరబడి మాటల్లేనివాళ్లు పక్కపక్కన నిలబడ్డారు.

దర్జీ కోటు తిరగేసి తొడుక్కుని మరీ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు బాబాయ్ పోయింది?"

"లోపలికి పోరా," అన్నాడు ముసలాయన, పెదవులు కదపకుండా.

"అదేం మాట! ప్రార్థనంటే ఎగ్గొడతాను గానీ, ఇది ఎగ్గొట్టేంత పనికిమాలినవాణ్ణా? చెప్పు, ఎవరు?"

ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. సిపాయి ఆయన్నే చూస్తున్నాడు.

"మనవాళ్లేరా," అన్నాడు.

"అయ్యో, మనవాళ్లా!" దర్జీ గుమ్మం వైపు తిరిగి పెళ్లాన్ని కేకేశాడు. "పిల్లల్ని కూడా లేపి తీసుకురావే. పిడికెడు మట్టి వాళ్లూ వెయ్యాలి."