ఎక్కాం అనని అనసూయ

అనగనగా ఒక లంక ఊళ్ళో, గోదారి నడిమధ్య, అనసూయ అనే పిల్ల ఉండేదట. ఆ ఊళ్ళో బడి లేదు. పిల్లలందరూ పొద్దున్నే పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి చదువుకోవాలి.

పడవ నడిపే నూకరాజు తాతకి చూపు సరిగా ఆనదు. అందుకని గడకర్ర పట్టుకుని "అందరూ ఎక్కారా?" అని అడుగుతాడు. పిల్లలు "ఎక్కాం" అని అరుస్తారు. అప్పుడే పడవ కదులుతుంది.

ఆ పిల్లల్లో ముత్యం అని ఒకతి ఉంది. వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఒకరోజు ముత్యం పడవెక్కబోతుంటే, అందరిలోకీ పెద్దవాడు వీరబాబు కాళ్ళు అడ్డంగా చాపాడు.

"చేపలబుట్ట వస్తోందిరోయ్, ముక్కులు మూసుకోండి" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వు రాకపోయినా అనసూయ కూడా నవ్వింది. అప్పుడు తాత అడిగాడు. "ఎక్కాం" అన్నారు. ముత్యం ఒడ్డునే ఉండిపోయింది.

మర్నాడూ అంతే. ఈసారి అనసూయ నవ్వలేదు. "ఎక్కాం" అనీ అనలేదు. తల వంచుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. కానీ పడవ కదలడానికి మిగతావాళ్ళ అరుపు చాలదూ?

చూశావా తల్లీ, కాళ్ళు అడ్డం పెట్టినవాడు ఒక్కడే. వదిలేసి వెళ్ళింది మాత్రం పడవెడు పిల్లలు. నోరు మూసుకున్నవాళ్ళు కూడా ఆ పడవలోనే ఉన్నారు మరి.

ఆ సాయంత్రం అనసూయ ముత్యం ఇంటికి వెళ్ళింది. ముత్యం తల ఎత్తలేదు. ఎందుకు ఆగిపోయిందో ఇంట్లో చెప్పుకోలేదు పాపం. వాళ్ళమ్మ చేపలు తిరగేస్తూ, "రోజూ పడవ తప్పిపోయే పిల్లకి చదువెందుకమ్మా? రేపు కూడా ఇంతే అయితే నాతో సంతకి తీసుకుపోతా" అంది.

అనసూయకి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ తర్వాత తెల్లారింది. వీరబాబు మళ్ళీ కాళ్ళు చాపాడు. తాత మళ్ళీ అడిగాడు. పిల్లలు నోళ్ళు తెరిచేలోపే అనసూయ లేచి నిలబడింది. తాతకేసి తిరిగి చెప్పింది.

"ఎక్కలేదు తాతా. ముత్యం ఒడ్డునే ఉంది. వీరబాబు కాళ్ళు అడ్డం పెట్టి ఎక్కనివ్వట్లేదు. మొన్నా, నిన్నా కూడా ఇంతే."

"కూర్చోవే, నీకెందుకు?" అన్నాడు వీరబాబు.

అప్పుడు పక్కనున్న చిట్టి లేచింది. "అవును తాతా, ఎక్కలేదు." ఆ తర్వాత వెనకున్న ఇద్దరు లేచారు. ఆ తర్వాత పడవంతా అదే మాట.

తాత గడకర్ర దించాడు. "ఏరా అబ్బాయ్, ఏంటిది?"

"ఊరికే, సరదాకి తాతా."

"సరదా అయితే ఒడ్డునున్న పిల్ల కూడా నవ్వాలి కదరా. కాళ్ళు తియ్యి. సాయంత్రం మీ నాన్నతో మాట్లాడతా."

వీరబాబు కాళ్ళు ముడుచుకున్నాడు. అనసూయ ఒడ్డుకి దిగి, ముత్యం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

"నిన్న నేను మాట్లాడలేదు" అంది మెల్లిగా.

"ఇవాళ మాట్లాడావుగా" అంది ముత్యం. "కాస్త అటు జరుగు, నా పుస్తకాలు తడుస్తున్నాయి."

కథ పోయె కంచికి,
నువ్వు వాలు మంచానికి.
దుప్పటి లాక్కో మెడదాకా,
బజ్జో తల్లీ తెల్లారేదాకా.