తొండకి కప్పిన మూడు కంబళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో ఇళ్ళకన్నా ఇసుక దిబ్బలే ఎక్కువ. కాళ్ళు ఇటు జరుపు చిన్నీ, చెప్తాను. ఆ ఊళ్ళో నీ ఈడు పిల్ల ఒకతె ఉండేది, పేరు కెంచక్క. వాళ్ళ తాత సిద్దప్ప గొర్రెలు కాసేవాడు, ఆ ఉన్నితో కంబళ్ళు నేసేవాడు. ఆ ఇంట్లో జ్వరానికీ కంబళే, వానకీ కంబళే, దిగులుకీ కంబళే.

కిందటి చలికాలం కెంచక్క వాళ్ళ అవ్వకి ఒళ్ళు చల్లబడింది. తాత రెండు కంబళ్ళు కప్పాడు. మూడోది కెంచక్క కప్పుకుని నిద్రపోయింది. తెల్లారేసరికి అవ్వ లేదు. నా కంబళి కూడా ఇచ్చుంటే అవ్వ బతికేదేమో అని ఆ పిల్ల ఏడాది పొడుగునా లోలోపల కుమిలింది. ఎవరికీ చెప్పలేదు, పిచ్చిపిల్ల.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక పొద్దున గొర్రెల దొడ్డి దగ్గర ఒక తొండ పడి ఉంది. నల్లగా, బిర్రబిగుసుకుని ఉంది. ఈసారి చావనివ్వనంటే చావనివ్వను అనుకుంది కెంచక్క. ఒక కంబళి కప్పింది. చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంది. అప్పుడు రెండోది కప్పింది. చల్లగానే ఉంది. ఆ తర్వాత తన ఒంటి మీదిది తీసి మూడోది కప్పి, తను గజగజ వణుకుతూ కూర్చుంది. సంకటి ఉడికి దిగింది గానీ తొండ వెచ్చబడలేదు. మూడు కంబళ్ళ కింద రోలులా చల్లగా ఉంది. కెంచక్క నిర్ఘాంతపోయింది. నువ్వేం నవ్వక్కర్లేదు, మొదటిసారి విన్నప్పుడు నాకూ ఎందుకో అర్థం కాలేదు.

అప్పుడు తాత వచ్చి మూడు కంబళ్ళూ లాగేశాడు. "దాన్ని చంపేస్తావా తాతా" అని కెంచక్క ఆయన చెయ్యి పట్టుకు కొరికింది. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. తొండని తీసుకెళ్ళి ఎండ తగిలే బండ మీద పెట్టాడు. కాసేపటికి అది ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత మెడ ఎత్తింది. ఆ తర్వాత ముందుకాళ్ళ మీద లేచి, పహిల్వానులా దండీలు తీసింది. బొగ్గులా ఉన్న ఒళ్ళు ఎండుగడ్డి రంగుకి తిరిగింది. కెంచక్క వెనక్కి రెండడుగులు వేసింది.

ఎండే దీనికి మందు అనుకుని, తాత గొర్రెలతో వెళ్ళగానే ఉన్నిదారంతో తొండని బండకి కట్టేసింది. మధ్యాహ్నమైంది. ఆ ఇసుక ఊళ్ళో చలికాలమైనా, రాత్రి ఎంత చలో పగలు అంత ఎండ. బండ పెనంలా కాలింది. తొండ ఒక కాలెత్తి, ఇంకో కాలెత్తి, నోరు వెళ్ళబెట్టి, తెల్లగా పాలిపోయింది. గొర్రెల్ని నీడకి తోలుకొచ్చిన తాత చూసి, పరిగెత్తుకొచ్చి దారం తెంపాడు. అది రివ్వున పొద కింద బొరియలో దూరింది.

"చెయ్యి పెట్టి చూడు పాపా" అన్నాడు తాత. పైన ఇసుక కాలుతుంటే లోపల కుండ అడుగులా చల్లగా ఉంది.

"దానికి మన మాదిరి చెమట పట్టదు. ఎండ ఎక్కువైతే నీడకి పోతుంది, తక్కువైతే మళ్ళా ఎండకొస్తుంది. ఉన్న చోటు మార్చడమే దాని పని."

కెంచక్క చిప్పతో నీళ్ళు తెచ్చి బొరియ ముందు పెట్టింది. తొండ రాలేదు. తాత బండ మీద సున్నం చుక్కలా ఉన్నదాన్ని చూపించి, "అది దాని ఉచ్చ" అన్నాడు. అవును చిన్నీ, నీళ్ళు లేని ఉచ్చే. మనలాగా ఉచ్చలో నీళ్ళు పారబోస్తే ఆ ఇసుకలో ఎప్పుడో ఎండిపోయేది. చీమల్లో, పురుగుల్లో దొరికే చెమ్మనే పొదుపుగా దాచుకుని బతుకుతుంది.

కెంచక్క చిప్ప పక్కనే చతికిలబడింది. అప్పుడు అడిగింది, "మరి కంబళి ఎందుకు పని చెయ్యలేదు తాతా?"

"కంబళి వేడి పుట్టించదమ్మా. ఒంట్లో ఉన్న వేడిని బయటికి పోనీదు, అంతే. మన పొయ్యి మన కడుపులోనే ఉంది. తొండ పొయ్యి ఆకాశంలో ఉంది."

"మరి నా కంబళి కూడా కప్పుంటే అవ్వ బతికేది కాదా?"

ఏడాది నుంచీ ఇంత పిల్ల ఇంత బరువు మోసిందా అని సిద్దప్ప అక్కడే కూర్చున్నాడు. పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. "నలభై కప్పినా బతికేది కాదు తల్లీ. అవ్వ లోపలి పొయ్యి ఆరిపోయింది. నీ కంబళి తక్కువై కాదు."

అప్పుడు ఏడ్చింది కెంచక్క, కిందటేడు ఏడవాల్సిందంతా.

మర్నాడు పొద్దున తొండ మళ్ళీ నల్లగా ఆ బండెక్కి కూర్చుంది. కెంచక్క తన కంబళి గట్టిగా చుట్టుకుని వచ్చింది. తన నీడ దాని మీద పడకుండా పక్కకి జరిగి నిలబడింది.

తొండేమో బొరియకి, ఎండేమో కొండకి,
కథేమో కంచికి, చిన్నేమో పక్కకి.