మూడడుగుల ఓదెలు

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు జరగండి. కునికిపాట్లు పడేవాళ్ళు ఇప్పుడే లేచి పొండి, నేనేమీ అనుకోను. ఈ కథకు సొంత కాళ్ళు లేవు. మీరు ఊఁ అంటే ఒక అడుగు వేస్తుంది, అనకపోతే ఉన్నచోటే కూలబడుతుంది. కూలబడ్డ కథంటే ఓదెలుకు గిట్టదు. ఓదెలు ఎవరంటారా? దానికే వస్తున్నాను, ఆగండి.

అనగనగా ఒక బొగ్గు ఊరు. ఎప్పటి మాటంటే, నూనె దీపం పట్టుకుని బావిలోకి దిగే రోజుల మాట. బావి అంటే నీళ్ళ బావి అనుకునేరు! బొగ్గు తవ్వే గనిని అక్కడివాళ్ళు బావి అనే అంటారు. మీద ఎండ, కింద చీకటి. కిందికి దిగినవాడు నల్లగా మారి తిరిగొస్తాడు. ఒక్కోసారి అసలు రాడు.

ఆ బావికి ఒక దొర ఉండేవాడు. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చాడు. వస్తూ వస్తూ మూడు తెచ్చుకున్నాడు. ఒక కుక్క, ఒక గొడుగు, ఒక తోలుబంతి. కుక్క ఎండకు తాళలేక చచ్చింది. గొడుగు గాలికి ఎగిరిపోయింది. బంతి మిగిలింది. బంతిని ఒక్కడే తన్నుకుంటూ ఎన్నాళ్ళుంటాడు? పదకొండు మందిని ఏరి జట్టు కట్టాడు. కట్టి ఒక చట్టం పెట్టాడు. జట్టులో ఉన్నవాడికి మీద పని. లేనివాడికి కింద పని.

మీద పని అంటే తెలుసా? బొగ్గు బండ్లు తోయడం, దీపాలు తుడవడం, ఎండలో చెమటోడ్చడం. కష్టమే. కానీ సాయంత్రానికి ఇంటికి వస్తాడని పెళ్ళాం పిల్లలకు నమ్మకం. అందుకే ఆ ఊళ్ళో ఫుట్‌బాల్‌ను ఎవరూ ఆట అనుకోలేదు.

పొద్దున్నే హాజరు పిలిచేచోట రెండు వరుసలు కట్టేవాళ్ళు. ఒకటి మీద పని వరుస. ఒకటి కింద పని వరుస. రెండింటికీ నడుమ మూడడుగుల దూరం. అంతే. దాన్ని మనసులో పెట్టుకోండి.

ఆ ఊళ్ళో గొర్లు కాసే ఇంట ఓదెలు పుట్టాడు. తొట్టెలో పడుకోబెడితే తొట్టె తాళ్ళు తెగేలా తన్నేవాడట. తల్లి విసిగిపోయి అనేది: "వీని కాలు నిలవదు, కన్ను నిలవదు, వీడు నిలవడు." ఆ మాట ఊరంతా పట్టుకుంది. కాలు నిలవదు, కన్ను నిలవదు, ఓదెలు నిలవడు.

నిలవనివాడికి బంతి దొరికితే ఇంకేముంది? వట్టి కాళ్ళతో ఆడాడు. బూట్లు వేసుకున్నవాళ్ళ నడుమ నుంచి జారిపోయేవాడు. పట్టుకుందామని వచ్చినవాడి చేతికి గాలి దొరికేది. మూడేళ్ళు ఆడాడు. మూడేళ్ళూ ఎండలోనే పని చేశాడు. నాలుగో ఏడు ఎవడిదో బూటు మోకాలి చిప్ప మీద పడింది. చిప్ప పగిలిన చప్పుడు గట్టు మీది జనానికి కూడా వినబడిందంటారు. నేనైతే నమ్మను. కానీ మా ఇంట్లో అట్లాగే చెబుతారు, నేనూ అట్లాగే చెప్పాలి.

దొర వచ్చి చూశాడు. "ఓడెలు, నువ్వు ఇంక ఆట లేదు. నేర్పు," అన్నాడు. దొర తెలుగు అంతే.

ఓదెలు నేర్పడం మొదలుపెట్టాడు. నేర్పేవాడు గీత బయట నిలబడాలి కదా? మనవాడు నిలబడితేనా! బంతి ఎటు పోతే అటు, గీత పక్కన, ఒకటిన్నర కాలితో కుంటుతూ ఉరికేవాడు. అరుస్తూ ఉరికేవాడు. ఉరికీ ఉరికీ గీత పక్కన గాడి పడింది. వానొస్తే ఆ గాడిలో నీళ్ళు పారేవి. ఆడేవాళ్ళు బంతిని వదిలేసి ఓదెలునే చూసేవాళ్ళు. చూస్తూ చూస్తూ మూడు పందేలు ఓడిపోయారు.

దొర తల పట్టుకున్నాడు. "నీ కాలు నిలవదు. పో. ఊళ్ళు తిరుగు. మంచి ఆటగాళ్ళను తీసుకురా," అన్నాడు.

ఆ మాట ఓదెలుకు పాయసంలా దిగింది. సద్దిమూట ఒకటి, చేతికర్ర ఒకటి పట్టుకుని బయల్దేరాడు. ఈ పల్లెలో పొద్దు పొడిస్తే ఆ పల్లెలో పొద్దు గుంకేది. ఆయన భార్య లసుమక్క గడపలో నిలబడి అడిగేది: "పెండ్లి నన్ను చేసుకున్నవా, తొవ్వను చేసుకున్నవా?" జవాబు చెప్పడానికి ఆగేవాడైతే కదా.

ఇప్పుడు ఓదెలు పనితనం వినండి. ఆట జరిగేచోటికి పోయి గట్టున కూర్చునేవాడు. తల వంచేవాడు. మోకాళ్ళ పైన ఏముందో చూసేవాడు కాదు. మొహం చూడడు, ఒడ్డూ పొడుగూ చూడడు. కాళ్ళనే చూస్తాడు. బంతి ఉన్న కాళ్ళను కూడా కాదు. బంతి పోగొట్టుకున్న కాళ్ళను.

"అదేందన్నా?" అని ఎవరైనా అడిగితే చెప్పేవాడు. "బంతి కాళ్ళల్ల ఉన్నప్పుడు అందరు మొనగాళ్ళే. పోయినంక చూడాలె. పోంగనే మూడడుగులు దాని వెంట ఉరికినోడు ఆటగాడు. నడుము మీద చేతులేసుకొని నిలబడ్డోడు కాదు."

చూసి ఒక్క మాట అనేవాడు. "వస్తడు." లేకుంటే, "రాడు."

వస్తడు అంటే ఎండ. రాడు అంటే చీకటి. అది ఓదెలుకు తెలుసు. తెలుసు కాబట్టే మాట అనగానే కర్ర పట్టుకుని లేచి నడిచేవాడు. ఏడ్చేవాళ్ళ ముందు నిలబడటం ఆయనకు చేతకాదు. కాలు నిలవదు, కన్ను నిలవదు, ఓదెలు నిలవడు.

ఊఁ అనండి. ఇప్పుడు కథ వాగు దాటుతోంది.

వాగవతలి పల్లెలో రాజవ్వ అని ఒకామె. ఆమె పెనిమిటి బావిలోకి దిగి మళ్ళీ పైకి రాలేదు. ఒక కూతురు, ఒక కొడుకు. కొడుకు పేరు పోశాలు. గుడ్డలు చుట్టి సుతిలితో కుట్టిన బంతిని ఆడిస్తే, వాడి కాలికి అతుక్కుపోయిందా అనిపించేది. ఆ ఏడు వానల్లేవు, చేను ఎండింది. ఇక మిగిలింది బావి ఒక్కటే. "దిగితే మీద పనిలకే దిగాలె బిడ్డా. కిందికి మాత్రం నిన్ను పోనియ్య," అని రాజవ్వ పట్టుబట్టింది. ఓదెలు నోట "వస్తడు" అనే మాట కోసం తల్లీ కొడుకూ ఎదురుచూశారు.

దసరా నాడు ఓదెలు వచ్చాడు. గట్టున కూర్చున్నాడు. తల వంచాడు. పోశాలు ఆడుతుంటే పల్లెకు పల్లే కేకలు పెట్టింది. ఓదెలు కేకలు వినలేదు. పోశాలు కాళ్ళ నుంచి బంతి పోయింది. ఆ కాళ్ళు నిలబడ్డాయి. రెండోసారి పోయింది. నిలబడ్డాయి. మూడోసారి పోయింది. ఒక్క అడుగన్నా పడలేదు.

"రాడు," అన్నాడు ఓదెలు. కర్ర పట్టుకుని లేచాడు.

రాజవ్వ పరుగెత్తుకుంటూ వెనక పడింది. "ఓదెలన్నా, ఒక్క మాట ఇను!" ఓదెలు ఆగలేదు. "ఓదెలన్నా, ఆగే!" ఆగలేదు. "ఓదెలన్నా!" అప్పటికే వాగు దాటేశాడు. కుంటివాడికి అంత వేగం ఎక్కడినుంచి వచ్చిందో.

ఏడాది తిరిగింది. మళ్ళీ దసరా. మళ్ళీ అదే పల్లె, అదే గట్టు. ఓదెలు తల వంచుకుని కూర్చున్నాడు. బంతి ఒకడి కాళ్ళలోకి పోయింది. చిత్రం, ఇటు పదిమందీ నిలబడిపోయారు, అటు పదకొండు మందీ నిలబడిపోయారు. ఒక్క జత కాళ్ళే తాపీగా నడుస్తున్నాయి.

"ఏందే, ఊరు ఊరే నిలబడ్డది?" అని పక్కనున్న ముసలాయన్ని అడిగాడు.

ముసలాయన నవ్వాడు. "కొత్తల్లుడు గదనే! తొలి పండుగకొచ్చిండు. కొత్తల్లుని కాళ్ళల్లకెళ్ళి బంతి గుంజుకుంటరా ఎవలన్న? చిన్నబోడా?"

ఓదెలు మొదటిసారి తల ఎత్తాడు. మోకాళ్ళ పైన చూశాడు. కొత్త ధోవతి, మెడలో పూలదండ, మొహమంతా సిగ్గు.

"మరి పోయిన పండుగకు?" అన్నాడు.

"పోయిన పండుగకు పోశాలు వాళ్ళ బావ. పొద్దుగాలనే రాజవ్వ కొడుక్కు మరిమరి చెప్పింది గద, బావ బంతి తీసుకుంటే వెంటబడకు, అక్క మొగుడు అలుగుతడు అని."

ఓదెలు రాజవ్వ ఇంటికి పోయాడు. ఆమె పీట వేయలేదు. "వచ్చినవా? నేను పిలిచి ఏడాదైంది," అన్నది. "నా కొడుకు కిందికి దిగవట్టి పది నెలలు. నేనే ఊకోమని చెప్పిన, నా నోటితోనే చెప్పిన. అది చెప్దామని నీ వెంట వాగుదాకా ఉరికిన. నువ్వు ఆగలే."

ఇన్నేళ్ళుగా తను "రాడు" అన్నవాళ్ళందరూ ఓదెలు కళ్ళ ముందు కదిలారు. అందరికీ కాళ్ళే ఉన్నాయి, మొహాలు లేవు. ఎంత గుర్తు చేసుకుందామన్నా ఒక్క మొహమూ గుర్తు రాలేదు. దానికంటే నరకం ఏముంటుంది చెప్పండి.

దొర దగ్గరికి ఉరికాడు. "దొరా, తప్పు చూసిన. పోశాలును మీదికి తియ్యి." దొర అన్నాడు, "జట్టు నిండింది."

మర్నాడు మళ్ళీ పోయాడు. దొర అన్నాడు, "నువ్వే రాడు అన్నావు. నీది ఒకటే మాట."

మూడోనాడు మళ్ళీ పోయాడు. దొర విసుక్కున్నాడు. "మీద ఒకడు దిగితే కింద ఒకడు ఎక్కుతాడు. ఎవడు దిగుతాడు? చెప్పు!"

మర్నాడు పొద్దున ఓదెలు హాజరు దగ్గరికి పోయాడు. మీద పని వరుసలో, జట్టు మనిషిగా తనకున్న చోట నిలబడ్డాడు. ఎదురుగా కింద పని వరుసలో పోశాలు, చేతిలో దీపం. అందరూ చూస్తుండగా ఓదెలు కుంటికాలు ఎత్తాడు. ఒకటి. రెండు. మూడు. వెళ్ళి పోశాలు చేతిలో దీపం అందుకున్నాడు.

"ఇదేందన్నా? నువ్వెందుకు ఇటు?" పోశాలు బెదిరిపోయాడు.

"బంతి పోగొట్టింది నేను, తమ్మీ. నేను వెంటబడకపోతే ఎవడు పడుతడు?"

"నాకు బావి అలవాటైందన్నా. నీ కాలు బాగలేదు. నువ్వు పో."

"నువ్వు అలవాటైన అంటున్నవు, మీ అవ్వకు అలవాటు కాలే. మూడుసార్లు పిలిచింది నన్ను. ఇగో, ఇప్పుడు ఆగిన." చేతికర్ర పోశాలు చేతిలో పెట్టాడు. "కింద కప్పు తగులుతది, ఇది పనికిరాదు. నువ్వు ఉంచు."

దొర చూస్తూ ఉండిపోయాడు. హాజరు పుస్తకంలో రెండు పేర్లు అటుదిటు మార్చి రాసుకున్నాడు. కాదనడానికి ఆయనకు తెలిసిన తెలుగు చాల్లేదేమో.

నిలవని మనిషి నడుము ఎత్తలేని చోట పన్నెండేళ్ళు పని చేశాడు. కూర్చుని బొగ్గు కొడుతున్నా పాదాలు ఆడుతూనే ఉండేవట. ఊళ్ళకు పోవాలని కాళ్ళు గుంజేవి. లసుమక్క కాళ్ళు నొక్కుతూ అనేది, "ఇప్పుడన్న ఇంటికాడ ఉన్నవు." అని కళ్ళు తుడుచుకునేది. భర్త ఇంట్లో ఉన్నందుకు సంతోషపడాలో, ఎట్లా ఉన్నాడో చూసి ఏడవాలో ఆమెకు తెలియలేదు.

ఆట ఉన్న రోజు పని దిగగానే, నల్లటి ఒంటితోనే వచ్చి ఆ పాత గాడిలో నిలబడేవాడు. పోశాలు మైదానమంతా తనదే అన్నట్టు ఆడేవాడు. ఎప్పుడైనా బంతి పోయి నిలబడ్డాడా, గాడిలో నుంచి దగ్గుతో కలిసి ఒక కేక వచ్చేది: "మూడడుగులు!"

ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది. బొగ్గు దుమ్ము గుండెల నిండా పేరుకుంది. పోయాడు.

పాడె ఎత్తారు. మధ్యలో దింపుడు కళ్ళం దగ్గర దించారు. అక్కడ అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి కదా. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. ఓదెలుకు పిల్లల్లేరు. లసుమక్క గొంతు ఏడ్చి ఏడ్చి పోయింది. ఎవరు పిలవాలని అందరూ చూసుకుంటుంటే, వాగవతల నుంచి వచ్చిన రాజవ్వ ముందుకు వచ్చింది. ముసలిదైపోయింది. పాడె పక్కన కూర్చుంది.

"ఓదెలన్నా!" అని పిలిచింది. "ఓదెలన్నా!" అని పిలిచింది. మూడోసారి పిలవబోయి ఆగింది. "పో అన్నా. ఇగ నిన్ను ఆపను," అన్నది.

పాడె లేచింది. మోసినవాళ్ళలో ముందున్నది పోశాలు.

తరవాత ఆటగాళ్ళను ఏరే ఓదెలు పాత పని పోశాలుకు వచ్చింది. అదే కర్ర పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. కానీ తల ఎత్తి చూసేవాడు. ఎవడైనా బంతి పోయాక నిలబడితే దగ్గరికి పిలిచి ముందు ఒక్కటి అడిగేవాడు: "బంతి గుంజుకున్నోడు నీకేమైతడు?" ఆ జవాబు విన్నాకే రాడు అనేవాడు. ఇప్పటికీ ఆ దిక్కున ఆటగాళ్ళను ఏరేవాళ్ళు ఆ మాట అడగనిదే రాడు అనరు. మైదానంలో ఎవడైనా చేతులు నడుము మీద వేసుకుంటే, "ఓదెలు చూస్తుండు!" అని జనం అరుస్తారు. పరీక్ష తప్పి మూలన కూర్చున్న పిల్లకు తల్లి అదే చెబుతుంది, "మూడడుగులు ఎయ్యి బిడ్డా."

ఇంకొకటి ఉంది. వాగుకు ఇటూ అటూ, తొలి పండుగకు వచ్చిన కొత్తల్లుడి చేత బంతి ఆడిస్తారు. బంతి వాడి కాళ్ళలో పడగానే ఊరు ఊరే వాడి వెంటపడుతుంది. ధోవతి ఊడినా వదలరు. అలిగితే అలగనీ, సాయంత్రం గారెలు పెట్టి బతిమాలుకుంటారు.

ఆ ఆచారం పెట్టింది ఎవరో తెలుసా? నాడు పోశాలు కాళ్ళ నుంచి బంతి తీసుకున్న బావ. ఆయన మా ముత్తాత. మొదటి మర్యాద, పూలదండ, పండుగ భోజనం, అన్నీ ఆయనకు జీవితాంతం చేదయ్యాయి. చివరిదాకా అరుగు మీద కూర్చుని ఒకటే మాట అనేవాడట. "ఆనాడు ఒక్కడన్న నా వెంటబడి ఆ బంతి గుంజుకుంటే ఎంత బాగుండు."

ఇక్కడికి నా కథ ఆగింది. ఊఁ కొట్టినవాళ్ళు లేవండి. మీరేం పోగొట్టుకుని వచ్చారో నాకు తెలియదు. మూడడుగులు దాని వెంట వేసి, ఆ తరవాత ఇంటికి పొండి.