దక్షిణపు హద్దు అడుగక కొన్న ఇల్లు

అమ్మలారా, అయ్యలారా, అక్షతలు చేతబట్టి, పిల్లలను దగ్గరకు తీసుకొని వినుడు. కథ నడుమ లేచి పోరాదు. పోయినవారికి ఏమి జరుగునో ఎవరు చూడవచ్చిరి?

పూర్వము వేదవతీ తీరమున శంఖధర మహర్షి కూర్చుండియుండగా వేత్రవంతుడను ముని వచ్చి నమస్కరించి యిట్లడిగెను. “మహానుభావా, లోకమున పెండ్లి ఒక ముహూర్తమున అగుచున్నది. ప్రాణము రెప్పపాటున పోవుచున్నది. జానెడు నేల కొని గడప దాటుటకు మాత్రము మనుజులకు ఏండ్లు పట్టుచున్నవి. బయానా ఇచ్చినవారు తిరిగి తిరిగి కాళ్ళరిగి, ఇల్లు వచ్చునో రాదో యని కృశించుచున్నారు. ఇది ఏ పాపఫలము?”

అందులకు మహర్షి, అది పాపఫలము కాదనియు, భూదేవి పెట్టిన కావలి యనియు చెప్పి, నాలుగు హద్దుల నోము పుట్టిన విధమును ఇట్లు వినిపించెను.

రత్నకూటమను పట్టణమున భైరవయ్య యను అద్దకపు పనివాడు కలడు. అతని భార్య నరసాంబ. వారికి వరాలు అను ఒక్కతే ఆడుబిడ్డ. అద్దె ఇంట కాపురము. పొయ్యి పొగ వచ్చిన ఒక మాట, రంగునీళ్ళు వాకిట పారిన ఒక మాట యజమానురాలు అనుచుండెను. “రేపే సామాను బయట పెట్టిస్తే ఈ పసిదాన్నెత్తుకుని ఏ అరుగు మీద పడుకోనయ్యా?” అని నరసాంబ ప్రతిదినమును పెనిమిటిని అడుగుచుండెను. ఆమెకు నగలు వలదు, పట్టుచీర వలదు. బిడ్డ తలపై ఎవరును తీయలేని కప్పు ఒకటి కావలెను.

అట్లుండగా కోటిలింగమనువాడు తన ఇల్లు అమ్మజూపెను. ఆ పట్టణమున ఒక ఆచారము కలదు. ఇల్లు కొను ఇల్లాలు పసుపు, కుంకుమ, నానిన శనగలు పళ్ళెరమున పెట్టుకొని, నాలుగు హద్దుల గుమ్మములకును పోయి వాయనమిచ్చి, మేము కొను ఇంట ఎవరి కన్నీరైనను ఉన్నదా యని అడుగవలెను. నాలుగు గుమ్మములవారును లేదన్న పిమ్మటనే పత్రము వ్రాయవలెను. ఆ జవాబులు వచ్చుటకు ఒక్కొక్కప్పుడు పంటకాలము గడచిపోవును.

కోటిలింగము తొందరపెట్టెను. మూఢము వచ్చుచున్నదనెను, వేరొకరు కూడ అడుగుచున్నారనెను. వేరొకరు అను మాటకు నరసాంబ గుండె జారెను. ఆ పూటనే పళ్ళెరము పట్టుకొని బయలుదేరెను. తూర్పింటి వడ్రంగి భార్యయు, ఉత్తరపింటి వైద్యుని కోడలును లేదనిరి. పడమటింటి పాపాయమ్మ శనగలు కొంగున పోసుకొని, “మా వైపు ఏమీ లేదు గాని దక్షిణం గుమ్మం కూడా అడుగు తల్లీ. ఇల్లేమీ కాళ్ళొచ్చి నడిచిపోదులే” అనెను.

దక్షిణమున ఒక తాటాకు గుడిసె కలదు. అందు తులశమ్మ యను విధవ ఉండెను. ఆమె కోటిలింగమునకు వదినె. ఆ ఇంటి గోడలకు మట్టి మోసినది ఆమెయే. మగని పెద్దకర్మ కాగానే మరిది ఆమెను పెరటి దారిన గెంటివేసెను. ఆమె నోరుగలది కాదు. కొనవచ్చినవారు అడిగిన చెప్పును, అడుగకున్న ఊరకుండును. అడిగినవారందరును వెనుకకు పోయిరి. ఆ దినమున నరసాంబ వచ్చుట చూచి, కాళ్ళకు నీళ్ళిచ్చుటకు చెంబు పట్టుకొని గుమ్మమున నిలిచెను.

కోటిలింగము అడ్డము వచ్చి, “అటెక్కడికమ్మా? పసుపు కుంకుమ పళ్ళెంతో విధవ ముఖం ముందుకా? మీ ఆయన చల్లగా ఉండొద్దూ?” అనెను. నరసాంబ అంతకుముందే ఇల్లు చేజారునన్న భయముతో సగము చచ్చియున్నది. పెనిమిటికి ఏమగునో యని పళ్ళెరముపై కొంగు కప్పి వెనుదిరిగెను. తులశమ్మ శపింపలేదు. చెంబు చేతనే ఉండెను. కన్నీరు హద్దురాతిపై పడెను.

మరునాడే పత్రము వ్రాసిరి. ఒక్క పూటలో అయిపోయినదని బంధువులు మెచ్చుకొనిరి. గృహప్రవేశమున పాలు పొంగక విరిగెను. కొద్దిదినములకే తులశమ్మ తమ్ముడు దూరదేశము నుండి వచ్చి, అక్క స్థితి చూచి, ధర్మాసనమున మొరపెట్టెను. భటులు వచ్చి, తగవు తీరువరకు ఆ ఇంట ఎవరును ఉండరాదని తాళము వేసిరి. కోటిలింగము పారిపోయెను. పాత అద్దె ఇంట వేరొకరు చేరియుండిరి. “నాలుగు రోజులు ఆగలేకపోయావటే?” అని పాత యజమానురాలు గడప లోపలనే నిలిచి యనెను.

శ్రావణపు వానలో వారు సంత పాక క్రింద చేరిరి. పైకప్పు కారుచుండెను. వరాలుకు జ్వరము వచ్చెను. నరసాంబ తన కొంగు పిండి నుదుట వేయుచుండగా, “అమ్మా, మనింటికి ఎప్పుడు పోతాం?” అని బిడ్డ అడుగుచుండెను. వాన వెలియకముందే బిడ్డ పోయెను.

ఊరి వెలుపల భైరవయ్య గొయ్యి త్రవ్వుచుండగా నరసాంబ నేలను పిడికిళ్ళతో కొట్టుచు, “నీకింత ఆకలేమిటమ్మా” అని యేడ్చెను. అప్పుడు తడిమన్ను వన్నెగల ఒక ముదుసలి ఎదుట నిలిచి యిట్లు చెప్పెను.

“నేను భూమిని. పూర్వము నన్ను పూటలో కొని పూటలో అమ్ముచుండిరి. ఆ తొందరలో విధవల వాటాలు, తల్లిలేని బిడ్డల వాటాలు పోయి, వారి కన్నీరు నాపై ఇంకి, నేను ఉప్పుబారి పైరు మొలిపింపలేకపోతిని. అందుచేత బ్రహ్మను వేడి ఆలస్యమను వరము పొందితిని. సంతకము చేయవలసినవాడు ఊర లేకుండుట, కొలతగొలుసు తెగుట, పత్రము వ్రాయువానికి జబ్బు చేయుట, అధికారి రేపు రమ్మనుట, ఇవి నేను అడ్డుపెట్టు చేతులు. ఏడ్చువారు వచ్చి చెప్పుకొనుటకు ఆ వ్యవధి. నీవు ఆ చేతిని త్రోసి లోనికి పోయితివి.”

నరసాంబ పాదములపై పడి బిడ్డను ఇమ్మని వేడెను. తక్కిన నోముల కథలలో దేవతలు బిడ్డలను లేపిరి. ఈ తల్లి, “నా కడుపులోనికి వచ్చినది నాకును బిడ్డయే. తిరిగి ఇచ్చుట నాకు తెలియదు. మోయుట తెలియును” అని చెప్పి, నోము విధానము నుపదేశించి, మన్నులో కలిసిపోయెను.

నరసాంబ తడిచీరతోనే దక్షిణపు గుడిసెకు పోయెను. చేత పళ్ళెరము లేదు, పసుపు లేదు. “అక్కా, ఈ ఇంట్లో ఎవరి కన్నీరైనా ఉందా?” అని అడిగెను. తులశమ్మ ఆమెను చూచి, “నిన్నటిదాకా నాదే. ఇవాళ నీది కూడా. లోపలికి రా, ముందు ఇంత గంజి తాగు” అనెను.

అది మొదలు నరసాంబ ప్రతి మంగళవారమును తులశమ్మతో కలిసి నోము నోచెను. ధర్మాసనము వారు రేపనిరి, మాపనిరి. సాక్షులు రాలేదు, వచ్చినవారు మరచిరి. భైరవయ్య విసిగినప్పుడెల్ల, ఆ తల్లి ఇంకెవరి కొరకో ఆపినదేమో యని నరసాంబ చెప్పుచుండెను. అతని తల నెరసిన తరువాత తీర్పు వచ్చెను. ఇంట సగము తులశమ్మకు, సగము వారికి చెందెను. పాలు పొంగెను. అద్దకపు పని వృద్ధి పొందెను. ఇంట దేనికిని కొదువ లేదు, ఆడుకొను బిడ్డ ఒక్కతె తప్ప. కోటిలింగము ఏ ఊర కాలుమోపినను అచటి పొలిమేర అతనిని వెలివేయగా, తిరిగి తిరిగి దారిలోనే పడి చచ్చెను. పాతిపెట్టుటకు త్రవ్వినచోటనెల్ల రాయి తగిలెను.

ఓ వేత్రవంతా, విధానము వినుము. బయానా ఇచ్చిన నాటి నుండి మంగళవారములందు, కొను నేల నాలుగు మూలల మన్ను తెచ్చి, పసుపు కలిపి గౌరమ్మను చేసి, చలిమిడి, వడపప్పు నివేదింపవలెను. నానిన శనగలతో దక్షిణపు గుమ్మమునకే ముందుగా పోవలెను. అచట విధవ యున్నచో శకునము చూడక, పువ్వు, పండు ఇచ్చి కాళ్ళకు మ్రొక్కి అడుగవలెను. కన్నీరున్నదన్నచో తుడిచి కొనవలెను, తుడువ లేనిచో మానవలెను. గృహప్రవేశమున ఆ నాలుగిండ్లవారు తినిన పిమ్మటనే తాము తినవలెను.

అద్దె ఇండ్లలో అరచేత ప్రాణము పెట్టుకొనియున్న తల్లులు, పత్రము కొరకు తిరుగువారు, పాలు పంచుకొను అన్నదమ్ములు, అమ్మువారు కూడ ఈ నోము నోచవలెను. నోచినవారికి ఇల్లు త్వరగా వచ్చునని చెప్పరాదు, ఆలస్యముగనే వచ్చును. వచ్చినది పోదు. ఆ కప్పు క్రింద పిల్లలు చల్లగా ఉందురు.

ఇక అక్షతలు సగము గడపపై వేసి, సగము పిల్లల తలపై వేయుడు. చలిమిడి తక్కువైనను తల్లి ఓర్చును, మంత్రము తప్పినను ఓర్చును. గుమ్మము తప్పిన ఓర్వదు.