శెట్టిగారి గోరువంక, నిందపడ్డ పిల్లి

అనగనగా, పిల్లలూ, ఓడలు వచ్చి ఆగే ఒక పట్నం. ఆ పట్నంలో పానకాలు శెట్టి అని సుగంధద్రవ్యాల వర్తకుడు ఉండేవాడు. సాంబ్రాణి, అగరు, అత్తరు, ఏది కావాలన్నా ఆయన కొట్టుకే వెళ్ళాలి.

ఆ శెట్టి ఒక గోరువంకను తెచ్చి పెంచుకున్నాడు. దానికి బంగారి అని పేరు పెట్టాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఇది నా ప్రాణం అని చెప్పుకునేవాడు. చెప్పుకోవడానికేం, నోరుంటే చాలు. బంగారి ఇల్లంతా ఎగురుతుంటే చూసి మురిసిపోయేవాడే తప్ప, అది ఎక్కడ వాలుతోందో, దేనికి తగులుతోందో ఒక్కనాడూ పట్టించుకున్న పాపాన పోలేదు.

ఆ ఇంట్లోనే మసి అనే నల్లపిల్లి ఉండేది. ఎలుకల బాధ పడలేక శెట్టి భార్య ఆదెమ్మ తెచ్చిన పిల్లి. బంగారిని చూస్తే మసికి నోరూరదంటే అబద్ధమే. ఊరేది. అయినా ఆదెమ్మ చేతి చీపురు గుర్తొచ్చి చూపు తిప్పుకునేది.

ఒకనాడు వంటింట్లో నీళ్ళ గంగాళం మీద మూత పెట్టడం మరిచారు. బంగారి అంచున వాలి, నీళ్ళు తాగబోయి, లోపల పడింది. రెక్కలు తడిసి పైకి రాలేక కొట్టుకుంటుంటే, మసి గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకే శెట్టి పరుగున వచ్చి పిట్టను బయటికి తీశాడు. తీసి ఊరుకున్నాడా? పక్కనే పిల్లి కనబడింది కదా, ఇదే తోసి ఉంటుందని చీపురు తిరగేసి బాదాడు. గంగాళానికి మూత మాత్రం ఆ రోజు కూడా పెట్టలేదు.

ఇంకొకనాడు బంగారి నిలువుటద్దంలో ఆకాశం చూసి, అదే దారి అనుకుని, రివ్వున వెళ్ళి గుద్దుకుంది. రెక్క వాచిపోతే దాన్ని పంజరంలో పెట్టారు. అప్పుడు మసి అటక మీద ఎలుక కోసం పొంచి ఉంది. ఎవరడిగారు దాన్ని? పిల్లి తరిమితేనే పిట్ట బెదిరిందని శెట్టి తీర్పు చెప్పేశాడు. అద్దం మీద ఓ గుడ్డ కప్పుదామన్న ఆలోచనే లేదు. ఈసారి పిట్టకేమైనా అయితే గోనెసంచిలో కట్టి సముద్రంలో పడేస్తానని, మసిని తీసుకెళ్ళి వీధి అరుగు స్తంభానికి తాడుతో కట్టేశాడు. తాడు తెంచుకుని లోపలికి వస్తుందేమోనని ఇంటి కిటికీలన్నీ బిగించేశాడు. ఎంత అన్యాయమో చూడండి.

శుక్రవారం సాయంత్రమైంది. శెట్టి అలవాటు ప్రకారం సాంబ్రాణి వేశాడు. ఎప్పుడూ కిటికీలు తెరిచి ఉండేవి కనుక సముద్రపుగాలి ఆ పొగను పట్టుకుపోయేది. ఆవేళ దానికి పోయే దారే లేదు. పైగా పిట్టకు దిష్టి తగిలిందని నిప్పుల మూకుడు తెచ్చి పంజరం కిందే పెట్టి, ఇంకో గుప్పెడు సాంబ్రాణి చల్లి, తలుపు మూసి, తన మానాన తను దొడ్లోకి వెళ్ళిపోయాడు.

అరుగు మీద ఉన్న మసికి లోపల బంగారి అరుపు వినబడింది. తర్వాత దగ్గులాంటి చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. పిట్ట చస్తే సంచిలోకి వెళ్ళేది తను, అదీ చెయ్యని తప్పుకు. దానికి ఒళ్ళు మండిపోయింది. తాడు మెడను కోస్తున్నా గుంజుకుంటూ, వీధి వీధంతా వినబడేలా అరిచింది.

శెట్టి కర్ర పట్టుకుని వచ్చాడు. మసి వెనక్కి తగ్గలేదు.

"శెట్టిగారూ, కొట్టేముందు ఈ తాడు చూడండి. ముడి వేసింది మీరే. నేను ఇక్కడే ఉన్నాను. మరి లోపల మీ పిట్ట గొంతు పట్టుకున్నదెవరు?"

శెట్టి కర్ర అక్కడే పడేశాడు. లోపలికి పరుగెత్తాడు. గది నిండా పొగ. పంజరం అడుగున బంగారి నోరు తెరుచుకుని పడి ఉంది. పంజరాన్ని ఎత్తుకుని అరుగు మీదికి తెచ్చాడు. ఆదెమ్మ కిటికీలన్నీ తెరిచేసింది. చాలాసేపటికి పిట్ట కళ్ళు విప్పింది. బతికింది గానీ, దాని గొంతు ఆనాటి నుంచి బొంగురుపోయే ఉంది.

ఆదెమ్మ తాడు విప్పింది. పిల్లివి కదా, నువ్వే అనుకున్నాను అని శెట్టి తల వంచుకుని గొణిగాడు.

"పిల్లినే," అంది మసి. "నన్ను దాని దరిదాపులకు రానివ్వకండి, అది న్యాయమే. నా గోళ్ళు మీకు కనబడతాయి, జాగ్రత్త పడతారు. మూతలేని గంగాళానికీ, అద్దానికీ, పొగకూ గోళ్ళు లేవు. వాటిని కనిపెట్టాల్సిన కళ్ళు మీవి. ప్రాణమని ఊరంతా చెప్పుకున్నారు, ఒక్క కిటికీ తెరవలేకపోయారా?"

శెట్టి లేచి వెళ్ళి ముందు గంగాళానికి మూత పెట్టాడు.

తెచ్చి పెంచుకున్న ప్రాణికి ఆపద వస్తే, ముందు నిలదీయవలసింది తెచ్చుకున్నవాణ్ణే.