గవరమ్మ తవ్విన రెండో గుంట

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా ఏటిలో ఏడాది పొడుగునా నీళ్లు పారే కాలం. ఒడ్డున సాలెపేట. ఏ వీధిలోకి వెళ్లినా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడుకే పిల్లలు నిద్రపోయేవారు. జోలపాట అక్కర్లేదు.

ఆ పేటలో గవరమ్మ అని ఒక నేతగత్తె ఉండేది. ఆమె మొగుడు లింగన్న. వాళ్లకి ఒక్కతే కూతురు, నూకాలు. పిల్లకి ఐదేళ్లొచ్చినా మెడ నిలవలేదు, నడుం నిలవలేదు, కాళ్లు నిలవలేదు. ఎక్కడ పడుకోబెడితే అక్కడే, ఇంటి చూరు చూస్తూ ఉండేది. పిల్లని ఎత్తుకుంటే మగ్గం ఆగేది. మగ్గం ఆగితే పొయ్యి ఆగేది.

సలహాలకి మాత్రం కరువు లేదు.

అత్త వచ్చింది. "కడుపుతో ఉన్నప్పుడు ఏదో తొక్కి ఉంటావే. అమ్మవారికి ముడుపు కట్టు" అంది. చెప్పింది, వెళ్లింది. బిడ్డని మాత్రం ఎత్తుకోలేదు.

పేట పెద్ద వచ్చాడు. "ఇంకో బిడ్డని కనండ్రా, దీన్ని మరిచిపోతారు" అన్నాడు. చెప్పాడు, వెళ్లాడు. బిడ్డని మాత్రం ఎత్తుకోలేదు.

జోస్యుడు వచ్చాడు. "సూర్యగ్రహణం వేళ ఏటి ఇసుకలో మెడదాకా పూడ్చండి. కాళ్లొస్తాయి" అన్నాడు. చెప్పాడు, వెళ్లాడు. బిడ్డని మాత్రం ఎత్తుకోలేదు.

ఎత్తుకుంటే వీళ్ల సొమ్మేం పోయింది? బరువెంతో తెలిసేది. నోరు కాస్త తగ్గేది.

లింగన్న ఆ మూడో మాట పట్టుకున్నాడు. "ఇదే ఆఖరు గవరీ. కాళ్లొస్తే సరే. రాకపోతే జాతరకి తీసుకెళ్లి సత్రం అరుగు మీద వదిలేసి వద్దాం. ఎవరో పుణ్యాత్ములు చూస్తారు."

"నువ్వు పుణ్యాత్ముడివి కావేటి?" అంది గవరమ్మ.

లింగన్న మొహం తిప్పుకున్నాడు. చెడ్డవాడు కాదు. అలిసిపోయినవాడు.

గ్రహణం వచ్చింది. పేటంతా ఒడ్డున చేరింది. మెడదాకా పూడ్చడానికి గవరమ్మకి చేతులు రాలేదు. చంకల దాకా పూడ్చి ఆపేసింది. నూకాలు గుక్కపట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఆగింది. చుట్టూ ఇసుక ఆనుకుని ఉంది కదా, పిల్ల నిలువుగా ఉంది. మెడ మెల్లగా లేచింది. నీళ్ల మీద నుంచి ఒక కొంగ ఎగిరింది. నూకాలు దాని వెంటే చూసింది. చూసి నవ్వింది.

గ్రహణం విడిచింది. పిల్లని పైకి తీశారు. కాళ్లు తడిగుడ్డల్లా వేలాడాయి. "దీని రాత ఇంతే" అని జనం ఇళ్లకి వెళ్లిపోయారు.

"జాతరకి బండి కడతాను" అన్నాడు లింగన్న.

"నువ్వు కాళ్లే చూశావు. దాని మొహం చూశావా?" అంది గవరమ్మ.

ఇంటికొచ్చి గునపం అందుకుంది. మగ్గం పక్కనే నేల తవ్వడం మొదలుపెట్టింది.

"ఓలమ్మా, ఇంట్లో ఈ గోతులేటే?" అంది తొంగి చూసిన అత్త.

"మనం గుంటలో కాళ్లు పెట్టుకునే కదా నేస్తున్నాం! మనకి లేని సిగ్గు దానికెందుకు?"

గుంట చుట్టూ పాత బట్టలు పరిచింది. ఊక కుక్కిన సంచులు ఆనించింది. నూకాలుని అందులో నిలబెట్టింది. అలిసిపోతే తీసేది. కాసేపాగి మళ్లీ దించేది. గవరమ్మ నేస్తుంటే పోగు మోసే నాడె అటు పోతే పిల్ల అటు చూసేది, ఇటొస్తే ఇటు చూసేది. చూరు చూడటం మానేసింది.

జాతర రోజొచ్చింది. బండి వాకిట్లో ఉంది. దూరంగా డప్పులు మోగుతున్నాయి. లింగన్న పిల్లని తీయడానికి వంగాడు. నూకాలు చెయ్యి కొద్దికొద్దిగా లేచింది. పక్కన పడున్న, నూలు చుట్టిన కండె ఒకటి పట్టుకుని తండ్రికి అందించింది.

లింగన్న ఆ కండె నాడెలో పెట్టాడు. మగ్గం మీద కూర్చున్నాడు. బండి ఎడ్లని గవరమ్మే విప్పింది.

నూకాలు నడిచిందా? నడవలేదు. నడిచిందని ఎవడన్నా చెప్తే వాడు అబద్ధాలకోరు. కండెలందించింది. నాలుగు మాటలు నేర్చింది. కోపం మాత్రం నలుగురికి సరిపడా ఉండేది.

సంగతి తెలిసి అలాంటి బిడ్డల తల్లులు రాసాగారు. గవరమ్మ ముందు బిడ్డని అందుకునేది. తర్వాత తల్లికి గంజి పోసేది. "తాగు. పడుకో. లేచాక ఏడుద్దువు గాని" అనేది. ఆ తల్లి కంటినిండా నిద్రపోయి లేచేదాకా బిడ్డ గవరమ్మ ఒళ్లోనే. అప్పుడు గవరమ్మ నోరు విప్పేది. "నా పిల్లకి గుంట పనికొచ్చింది. నీ బిడ్డకేది పనికొస్తుందో నాకు తెలీదమ్మా. వాడి మొహం చూడు. వాడే చెప్తాడు."

అలా చాలా ఏళ్లు బతికి గవరమ్మ పోయింది. జనం చందాలేసుకుని గుడి కడతామన్నారు, రాయి నిలబెడతామన్నారు. అప్పటికి నూకాలు జుట్టు నెరిసింది. గుంటలోంచే కోప్పడింది. ఒక్కో మాటా కూడబలుక్కుని అంది.

"రాయి... ఎందుకు? అమ్మ... ఎత్తుకుంది. మీరూ... ఎత్తుకోండి."

ఇప్పుడా పేటలో మగ్గాలు పలచబడ్డాయి. అయినా ఎవరు కొత్త మగ్గం వేసినా పక్కన రెండో గుంట తవ్వుతారు. అవసరం లేకపోతే కోడిపిల్లలు ఆడుకుంటాయి. అలాంటి బిడ్డతో ఏ తల్లి వీధిలోకొచ్చినా, పేరూ ఊరూ అడక్కముందే ఏదో ఒక గుమ్మంలోంచి రెండు చేతులు ముందుకొస్తాయి. ఎవడన్నా ఊరికే నిలబడి సలహా మొదలెడితే, ఆడుకునే పిల్లలు కూడా ఊరుకోరు.

"ముందు ఎత్తుకో. తర్వాత చెప్పు" అంటారు.