చేత్తో దిద్దిన రెండంకెలు

విజయవాడ ఆటోనగర్‌లో గుడ్లు పొదిగే యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో నరహరి అనే ఇంజనీరు ఉండేవాడు. తెలివికి కొదవ లేదు గానీ, నియమాలన్నీ పక్కవాళ్ళ కోసమే పుట్టాయని అతని నమ్మకం.

కార్ఖానా యజమాని పూర్ణయ్య గారు. కోడిగుడ్లకైనా, బాతుగుడ్లకైనా, కౌజుపిట్ట గుడ్లకైనా జనం ఆయన యంత్రాలే కొనేవారు. ఒక్కో పిట్టది ఒక్కో లెక్క. కోడిపిల్ల ఇరవై ఒక్క రోజుల్లో బయటికొస్తుంది. బాతుపిల్లకు ఇరవై ఎనిమిది రోజులు కావాలి. అన్నాళ్ళూ వేడి తగ్గకూడదు, పెరగకూడదు. గంటకోసారి గుడ్లను అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. చివరి మూడు రోజులు మాత్రం కదపకూడదు. తల్లి పక్షికి ఇదంతా ఎవరూ చెప్పనక్కర్లేదు. యంత్రానికి మాత్రం ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాలి. అలా చెప్పే ప్రోగ్రాములను సి అనే కంప్యూటర్ భాషలో రాసేవారు.

పూర్వం ఒక్కో రకానికి ఒక్కో ప్రోగ్రామును కూర్చుని రాసేవారు. కోడి ప్రోగ్రామును బాతుకు మార్చేవారు, బాతుదాన్ని కౌజుకు మార్చేవారు, మధ్యలో ఏదో ఒకటి మరిచిపోయి తలలు పట్టుకునేవారు. నరహరికి ఇది నచ్చలేదు. ఆరు నెలలు కష్టపడి లిస్ప్ అనే మరో భాషలో ఒక ప్రోగ్రాము రాశాడు. అది ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాము! పిట్ట పేరు, రోజులు, వేడి, తేమ, ఇలా నాలుగు మాటలు బ్రాకెట్లలో పెట్టి చీటీలాగా దానికి ఇస్తే చాలు. లిస్ప్‌లో చీటీ అయినా, ప్రోగ్రాము అయినా ఒకటే రూపం, అన్నీ బ్రాకెట్ల మూటలే. అందుకని అది ఆ మూటలు విప్పి, అందులోని ముక్కలను తన దగ్గరున్న నమూనా అచ్చుల్లో కూర్చి, రెండు వేల వరుసల సి ప్రోగ్రామును క్షణంలో రాసి పడేసేది. రాతపని చేసి పెడుతుంది కదా అని నరహరి దానికి రాయసగాడు అని ముద్దుపేరు పెట్టుకున్నాడు.

"అబ్బో! నీ రాయసగాడు అలిసిపోడు, సెలవు అడగడు, కాఫీ కూడా తాగడు," అని పూర్ణయ్య గారు మురిసిపోయారు.

రాయసగాడు రాసే ప్రతి ఫైలు నెత్తిన ఒక హెచ్చరిక ఉండేలా నరహరి ఏర్పాటు చేశాడు. "ఇది రాయసగాడు రాసినది. దీన్ని చేత్తో దిద్దవద్దు. తప్పుంటే రాయసగాడిలోనే దిద్దండి." అదే మాటను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు కూడా అంటించాడు.

యంత్రాలకు ప్రోగ్రాములు ఎక్కించే సుభాషిణి ఒకరోజు తెలియక సి ఫైలులో ఒక అక్షరం చేత్తో మార్చింది. నరహరి ఊరుకున్నాడా? అందరినీ పిలిచి మరీ నిలదీశాడు.

"మీ ఇంట్లో జంతికలు చేస్తారా అమ్మాయ్?"

"చేస్తాం సార్."

"జంతికలు తెగిపోయి వస్తుంటే గొట్టంలో బిళ్ళ తీసి కడుగుతారా, నూనెలో వేలు పెట్టి ఒక్కో జంతికనూ అతికిస్తారా?"

అందరూ నవ్వారు. సుభాషిణి తల దించుకుంది. ఆ తరువాత ఆమె మళ్ళీ సి ఫైలు జోలికి పోలేదు. ఏ మార్పు కావాలన్నా చీటీలోనే రాసి, రాయసగాడి చేతనే కొత్త ఫైలు రాయించేది.

కొన్నాళ్ళకు కైకలూరు అవతలి ఒక ఊరి నుంచి ఏసుమణి అనే ఆమె వచ్చింది. వాళ్ళ పొదుపు సంఘంలో పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరూ బాతులు మేపేవాళ్ళే. నాలుగు వేల గుడ్లు పట్టే బాతు యంత్రం కావాలంది. పూర్ణయ్య గారు అంతవరకు బాతులకు అంత పెద్ద యంత్రం చేయలేదు. అయినా ఒప్పుకున్నారు. రాయసగాడు వచ్చాక చేసిన మొదటి బాతు యంత్రం కూడా అదే.

యంత్రాన్ని పంపే రోజు వచ్చింది. నరహరి చివరిసారి పరీక్ష పెట్టాడు. ఒక్కో రోజును ఒక్కో నిమిషంగా కుదించి నడిపే పరీక్ష అది. ఇరవై అయిదో రోజు దాకా తిరగాల్సిన ట్రేలు పద్దెనిమిదో రోజుకే ఆగిపోయాయి. నరహరికి వెంటనే అర్థమైంది. రాయసగాణ్ణి చేసే కొత్తలో చేతిలో ఉన్నవి కోడి యంత్రాలే. కోడికి పద్దెనిమిది రోజులు తిప్పితే చాలు. 'ఇప్పటికి ఇలా ఉండనీ' అని ఆ పద్దెనిమిదిని అచ్చులోనే రాసేశాడు. మొత్తం రోజుల్లోంచి మూడు తీసివేయమని చెప్పి ఉంటే ఏ పిట్టకైనా సరిపోయేది.

అచ్చును దిద్దాలంటే కోడికి కూడా మళ్ళీ పరీక్షలు పెట్టాలి. పూట పడుతుంది. బయట వ్యాను డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

నరహరి గది తలుపు దగ్గరగా వేశాడు. సి ఫైలు తెరిచి, పద్దెనిమిదిని చెరిపి ఇరవై అయిదు అని చేత్తో కొట్టాడు. రెండంటే రెండంకెలు! 'తరువాత తీరిగ్గా అచ్చులో దిద్దుదాంలే' అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాడు? తను అంటించిన కాగితం ఎదురుగా గోడ మీదే ఉంది. యంత్రం వ్యానెక్కింది. తీరిక మాత్రం రాలేదు. అది ఎవరికి వచ్చింది గనక?

మొదటి విడత బాతుపిల్లలు చక్కగా దిగాయి. ఏసుమణి సంతోషంగా ఫోను చేసి చిన్న కోరిక ఒకటి కోరింది.

"కరెంటు పోతే కూసే అలారం మా ఇంటి దాకా వినబడటం లేదు బాబూ. కొంచెం ఎక్కువసేపు కూసేలా చేసి పెట్టండి."

నరహరి ఆ పనిని సుభాషిణికి అప్పగించాడు. "బాతు ప్రోగ్రామును ఒకసారి పరీక్షించాం కదా, అలారం ఒక్కటే చూసి పంపెయ్," అన్నాడు. ఆమె నియమం ప్రకారం చీటీలో ఒక్క మాట చేర్చింది. రాయసగాడు బాతు ప్రోగ్రామును మళ్ళీ మొదటి నుంచి రాశాడు. పాత అచ్చులోనే రాశాడు. నరహరి చేత్తో దిద్దిన రెండంకెలూ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ సంగతి నరహరికి తట్టనే లేదు. కొత్త ప్రోగ్రాము ఎక్కించిన కార్డు బస్సు పార్సిల్లో వెళ్ళింది, అక్కడి ఎలక్ట్రీషియన్ దాన్ని బిగించాడు.

ఏసుమణి వాళ్ళు రెండో విడత నాలుగు వేల గుడ్లు పెట్టారు. ఈ విడత మీదే వాళ్ళ ఆశంతా. కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజల మీద బాతులను మేపుకోవాలి. కోతల ముందు పిల్లలు చేతికి రాకపోతే ఆ ఏడాదికి మంద ఉండదు. మళ్ళీ పెడదామన్నా గుడ్లు లేవు. పన్నెండు మందీ ఉన్న గుడ్లన్నీ తెచ్చి ఇందులోనే పెట్టారు.

పంతొమ్మిదో రోజు పొద్దున ఏసుమణి ఫోను చేసింది.

"బాబూ, రాత్రి నుంచి ట్రేలు తిరగడం లేదండి. చప్పుడే లేదు."

నరహరి కంప్యూటరు కూడా తెరవకుండానే జవాబిచ్చాడు. "మా బాతు యంత్రం ఇరవై అయిదో రోజు దాకా తిప్పుతుందమ్మా. నేనే స్వయంగా చూశాను. ట్రేకి ఏదో అడ్డుపడి ఉంటుంది, మీ ఎలక్ట్రీషియన్‌కి చూపించండి."

మర్నాడు పొద్దున మళ్ళీ ఫోను. ఈసారి ఆమె పూర్ణయ్య గారికే చేసింది. "అడ్డేమీ లేదంటండి. మోటారు బాగానే ఉందంట. దానికి తిరగమని చెప్పేవాడే లేడంట. తిన్నగా కరెంటు ఇస్తే ఆగకుండా తిరిగి గుడ్లన్నీ పగిలిపోతాయని ఎలక్ట్రీషియన్ భయపడ్డాడు. నిన్న సాయంత్రం నుంచి మేమే చేతుల్తో తిప్పుకుంటున్నాం. మీరు రావాలండి."

పూర్ణయ్య గారు అందరినీ పిలిచారు. "ఆ కార్డులో ప్రోగ్రాము ఎక్కించింది ఎవరు?"

"నేనే సార్," అంది సుభాషిణి.

"నాలుగు వేల గుడ్లమ్మా! చూసుకోవద్దూ?"

"నియమం ప్రకారమే చేశాను సార్. సి ఫైలును ముట్టుకోనైనా లేదు."

ముట్టుకోలేదు అన్న మాట వినగానే నరహరికి తను చేత్తో దిద్దిన అంకెలు గుర్తొచ్చాయి. గబగబా కొత్త ఫైలు తెరిచాడు. పద్దెనిమిది! అది అతన్ని చూసి వెక్కిరిస్తున్నట్టే ఉంది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఫైలు నెత్తిన చేత్తో దిద్దవద్దనే ఉంది, రాయించింది సుభాషిణి అని కూడా ఉంది. ఒక్క క్షణం అతను ఊరుకున్నాడు కూడా, అబద్ధమెందుకు? కానీ ఆ అమ్మాయి అప్పటికే తల దించుకుంటోంది, జంతికల రోజున దించుకున్నట్టే. నరహరికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"తప్పు సుభాషిణిది కాదండీ, నాది," అని జరిగిందంతా చెప్పేశాడు. "ఆమె నా నియమం పాటించింది. నేను పాటించలేదు."

పూర్ణయ్య గారు నరహరి వైపు తిరిగారు. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు గదయ్యా. వెళ్ళు, ముందు ఆ గుడ్ల సంగతి చూడు," అన్నారు.

నరహరి, సుభాషిణి మధ్యాహ్నానికి ఆ ఊరు చేరారు. షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళూ ఉన్నారు. ప్రతి గుడ్డు మీదా ఒకవైపు బొగ్గుతో గీత. ఒకరు తలుపు తీసి ట్రే లాగితే ఇద్దరు గుడ్లను ఒక్కొక్కటిగా తిప్పుతున్నారు. వేడి పోతుందని గబగబా మూసి, పక్క తలుపు తీస్తున్నారు. వాళ్ళ వేళ్ళన్నీ బొగ్గు. ఒకావిడ నిద్ర ఆపుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది.

"సార్, ఇప్పటికి చేత్తో మార్చేద్దామా? రెండంకెలే కదా," అని సుభాషిణి మెల్లగా అడిగింది.

"ఆ రెండంకెలే మనల్ని ఇక్కడికి తెచ్చాయి. ఇవాళ అచ్చులోనే దిద్దాలి," అన్నాడు నరహరి.

అతను రాయసగాణ్ణి తెరిచి, అచ్చులోంచి పద్దెనిమిదిని పీకేశాడు. చీటీలో ఉన్న రోజుల్లోంచి మూడు తీసివేయమని రాశాడు. అన్ని పిట్టలకూ పరీక్షలు పెట్టమని సుభాషిణికి చెప్పి, చేతులు కడుక్కుని ఆడవాళ్ళ పక్కన నిలబడ్డాడు. పరీక్షలు ముగిసేలోగా రెండు సార్లు గుడ్లు తిప్పాల్సి వచ్చింది. నడుం పట్టేసింది. తన చేయి ఒక్క నిమిషం చేసిన దొంగపనికి ఇన్ని చేతులు శిక్ష అనుభవిస్తున్నాయని అప్పుడు అతనికి బాగా తెలిసొచ్చింది.

సాయంత్రానికి కొత్త ప్రోగ్రాము ఎక్కింది. ట్రేలు మూలుగుతూ కదిలాయి. ఏసుమణి నరహరి కంప్యూటరులో కనిపిస్తున్న చీటీని కూడబలుక్కుని చదువుతోంది.

"ఇందులో బాతు అని ఉంది, ఇరవై ఎనిమిది అని ఉంది. పద్దెనిమిది అని ఎక్కడా లేదే. మరి మిషనుకు ఆ మాట ఎవరు చెప్పారు బాబూ?"

"నేనే చెప్పానమ్మా," అన్నాడు నరహరి. "తప్పు చెప్పానని కూడా తెలుసు. తెలిసీ దాచాను."

ఏసుమణి కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండుననిపించింది అతనికి.

ఎనిమిది రోజుల తరువాత ఆమె ఫోను చేసింది. "పిల్లలు దిగాయి బాబూ. మీరు సమయానికి వచ్చారు గానీ, లేకపోతే ఇవీ దక్కేవి కావు. అయితే పన్నెండు మందికీ చాలలేదు. తొమ్మిది మందికే సరిపోయాయి. మిషను కొందామని అందరినీ ఒప్పించింది నేనే కదా, అందుకని ముందు నా వాటా నేనే వదులుకున్నాను. ఇంకో ఇద్దరు కూడా సరేనన్నారు. ఈ ఏడు మా ముగ్గురికీ మందలు లేవు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు.  

మర్నాడే నరహరి, రాయసగాడు రాసిన ఫైలులో ఎవరైనా ఒక్క అంకె చేత్తో మార్చినా యంత్రం దాన్ని ఎక్కించుకోకుండా తాళం పెట్టాడు. ఏసుమణి వాళ్ళ మూడు వాటాలకూ సరిపడా గుడ్లు సంపాదించి పెట్టేదాకా ప్రతి ఆదివారం బాతులవాళ్ళ ఊళ్ళు తిరిగాడు. గోడ మీది పాత కాగితాన్ని మాత్రం అతను తీసెయ్యలేదు. దాని కింద తన చేత్తోనే ఇంకో వరుస రాశాడు: "ఇది ముందుగా నరహరికి వర్తిస్తుంది."

కనిపించిన చోట కప్పిపుచ్చిన తప్పు మళ్ళీ పుడుతుంది, పుట్టిన చోట దిద్దిన తప్పే పోతుంది. నియమం పెట్టినవాడు దానికి అందరికన్నా ముందు తల వంచాలి.